రబ్బరు వైసరు

పోయిన నెల ఒక గురువారం పొద్దున ఫోను వచ్చింది: మా బచ్చన్నపేట బడిలో నాతో పనిచేసిన సోషల్ సారు జనగామ దవాఖానలో కన్నుమూశారు. "చిట్యాలకెళ్లి, కురవికెళ్లి పాత పిల్లలంత వస్తున్నరు సార్," అన్నాడు ఫోనులో ఒక శిష్యుడు. నాకు ఏడుపు కంటే ముందు అసూయ వచ్చింది. నేను పోతే ఎవరొస్తారు?

మావి పక్కపక్క తరగతులు. నేను సైన్సు చెబుతుంటే పిల్లల చెవులు గోడకే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం పాఠం రోజు మరీను. బ్రిటిషు సైన్యానికి చేతి మరతుపాకులు చాలలేదట. అమెరికా నుంచి తెప్పిస్తే ఖరీదు, పైగా జర్మన్ల దాడులకు ఓడలు మునిగేవి. అందుకని చిన్నచిన్న షెడ్లలో ముక్కలు చేయించి, స్టెన్‌గన్ అనే చౌక తుపాకీ బిగించుకున్నారట. అది చెప్పడానికి సారు పత్తికి మందు కొట్టే పంపును విప్పి పిల్లలకు తలా ఓ ముక్క ఇచ్చేవారు.

"నువ్వు గొట్టం షెడ్డు, నువ్వు స్ప్రింగు షెడ్డు. అందరు కలిస్తెనే తుపాకి!"

బిగించి కొడితే నీళ్లు చిమ్మేవి. చప్పట్లే చప్పట్లు. పంపు పాఠం న్యాయంగా సైన్సుది, అంటే నాది. కడుపు మండిపోయేది.

ఒక ఏడు ఓర్వలేక, ముందే పంపులో నీళ్లు వెనక్కి కారకుండా ఆపే రబ్బరు వైసరు తీసి జేబులో వేసుకున్నాను. ఈసారి గోడకు చెవి పెట్టింది నేను.

"సార్, పని చేస్తలేదు!"

"గిదే అసలు పాఠం రా! అగ్గువ తుపాకి గద, నడిమిట్ల గిట్లనే ఆగుతుండె. ఎక్కడ్నో ఒకడు పని చెడగొడితె, పానం పోయేది ఇంకొకనిది."

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. చెడగొట్టి కూడా ఆయన్నే గెలిపించాను.

ఆ తర్వాత ఏటా పంపు అలాగే ఆగేది. కొత్త వైసరు వేయరేమని ఒకసారి ఏమీ ఎరగనట్టు అడిగాను.

"వేసుడెందుకు సార్? పోయింది ఎన్నడో ఒకనాడు అదే వస్తది," అన్నారు నవ్వుతూ. నేను ఒప్పుకోకుండా మాట మార్చి, మార్కుల పట్టీ అడిగాను. రిటైరయ్యేదాకా ఒక్క టిఫిను డబ్బాలో తిన్నాం. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మంచితనానికీ కుళ్లుకున్నాను.

దినాల నాడు సారు భార్య ఆ పంపు తెచ్చి నా ముందు పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు తమ్మీ. దీని రిపేరు నీకొక్కనికే తెలుసట."

ఇంటికొచ్చి, బీరువాలో దాచిన వైసరు వేసి బిగించాను. ఇన్నేళ్లకు రబ్బరు ఎండి పగిలింది. కొడితే నీళ్లు ముందుకు చిమ్మలేదు. పిడి దగ్గరే ఊరి, నా చేతి మీదుగా కారాయి.