గోడ వైపు తిప్పి అంటించిన ప్రకటన

"నానమ్మా, రేపు స్వప్నకు దవాఖానా కొలువు ఇంటర్వ్యూ అంట. ఆ కాగితం గోడ మీద పెట్టినవా, లేదా?"

"పెట్టిన. నా చేతుల్తోనే అంటించిన."

"మరి నాకెందుకు కనబడలే? రోజూ చూస్తనే ఉన్న గదా."

"నీ కండ్లకు నన్నేం చేయమంటవే? లొల్లి చాలు, ఇంటికి పో."

నజ్మా వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు గెలిచింది నేనే. పదకొండేళ్లయింది, ఆ గెలుపు నా గుండెల మీంచి ఇంకా దిగలేదు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే దిద్దుకోండి.

మాది కిషన్‌బాగ్‌లో ఇరుకు గల్లీ. ఇంటికో పేపరు దండగని అందరినీ ఒప్పించింది నేనే. గల్లీకంతా ఒకటే పేపరు. అందులో ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి, మైదాపిండి జిగురు ఉడికించి, బోరింగు పక్క గోడకు అంటించేదాన్ని. చదువుకున్న పిల్లలకు ఆ గోడే దిక్కు. కాగితానికి రెండు వైపులా ప్రకటనలుంటే మాత్రం అంటించకూడదు, దారానికి వేలాడదీయాలి. ఒకరి నోటికాడి కూడు గోడ పాలు కాకూడదని ఆ కట్టుబాటు పెట్టిందీ నేనే.

నజ్మా పక్కింటి పిల్ల. నా మనవరాలు స్వప్నతో కలిసి డిగ్రీ చదివింది. సన్న అక్షరాలు నాకు ఆనకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించేది. "నీ చాయ్‌ల చక్కెర ఏడుంది నానమ్మా, డబ్బాకు తాళమేసినవా ఏంది?" అంటూనే రెండు కప్పులు తాగేది. తిట్టేదాన్ని. ఒక్కరోజు రాకపోతే వాకిట్లోకి వెళ్లి చూసేదాన్ని.

ఆ నెలలో ఒక సర్కారు దవాఖానాలో చీటీలు రాసే కొలువు ప్రకటన పడింది. ఒక్కటే పోస్టు. కాగితం వెనక వైపు డ్రైవర్ల ప్రకటన. నజ్మాకు స్వప్న కంటే మార్కులు ఎక్కువని నాకు తెలుసు. దారం చేతికి అందేంత దూరంలోనే ఉంది. తీయలేదు. దవాఖానా వైపు జిగురు పూసి గోడకు అదిమాను. ఇంట్లో స్వప్నకు మాత్రం నోటితో చెప్పాను. అందరికీ తెలిసిన సంగతే అనుకుంది పిచ్చిది. నజ్మాకు తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది. కొలువు తనకే వచ్చింది. నజ్మా ఇప్పటికీ బట్టల షాపులో పొద్దంతా నిలబడి పని చేస్తోంది.

అంటించానన్నది అబద్ధం కాదు కదా అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. మరచిపోయి చేశానా? లేదు. స్వప్నకు తండ్రి లేడని సాకు చెప్పుకుందామంటే, నజ్మాకూ లేడు. ఆ పిల్ల మీద ప్రేమ లేకనా? ఉంది. ప్రేమ ఉండి కూడా, ఏ చేతులకు చాయ్ అందించానో ఆ చేతులకు అందాల్సింది దాచానే, అదే నాకు మింగుడు పడదు. ఇప్పుడు మా గల్లీకి ఫోన్లో గ్రూపు ఉంది. ప్రకటన అందరికీ ఒకేసారి పడుతుంది, మధ్యలో నాలాంటి చేయి లేదు. మంచిదే.

దాచింది నేనే. ఇదిగో, రాశాను. నజ్మా ముఖం చూసి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. రాసినందుకే కాస్త ఊపిరి ఆడుతోంది.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే నజ్మా మా ఇంటికి వచ్చింది. స్వప్న సర్టిఫికెట్లన్నీ ఫైల్లో వరసగా సర్దింది. జిరాక్సులు తక్కువయ్యాయని ఉరికి తెచ్చింది. నేను చాయ్ పోస్తే తాగింది. తర్వాత ఇద్దరూ కలిసి బస్టాపుకు నడిచారు.