ఓదెలు సార్ ‘ఆగింది’ రిజిస్టర్

ఓదెలు సార్‌కి ఈ లోకంలో తెలిసిన ప్రశ్న ఒక్కటే: "యాడ ఆగింది?"

బాగున్నారా, తిన్నారా అని అడగడం ఆయనకు చేతకాదు. బాలనర్సయ్య ఇల్లు మూడేళ్లుగా పిల్లర్ల మీదే నిలబడి ఉంటే ఊరంతా చూసీ చూడనట్టు పోయేది. ఈయన మాత్రం తిన్నగా లోపలికి నడిచి, "ఏందే బాలనర్సయ్యా, యాడ ఆగింది?" అన్నాడు. "స్లాబు కాడ సారూ" అని మొదలుపెట్టి, అన్నదమ్ముల పంచాయితీ అంతా రెండు గంటలు చెప్పాడాయన. సార్ కదల్లేదు. ఛాయ్ కూడా అక్కడే తాగాడు.

మా బడిలో వంట చేసే నర్సమ్మ సంగతి ఇంకా ఘోరం. పక్కింటామెతో లొల్లి అయిందని కళ్లొత్తుకుంటుంటే, ఓదార్చాల్సింది పోయి "లొల్లి యాడ ఆగింది?" అన్నాడు. "నా గిన్నెలు తిరిగి ఇయ్యలే అన్న కాడ సార్" అని చెబుతుండగానే నర్సమ్మకు అనాల్సిన మాట ఇంకొకటి గుర్తొచ్చింది. గరిటె పట్టుకునే మళ్లీ పక్కింటికి పోయింది. ఆ పూట పిల్లలకు పప్పు నేనే వండాను.

నన్నూ వదల్లేదు. మా ఆయన కొనిచ్చిన స్కూటీ రెండేళ్లుగా కవరు కిందే ఉంది. పాపం, ఆదివారం ఆదివారం ఆయనే స్టార్ట్ చేసి, కాసేపు మోగించి, మళ్లీ కవరు కప్పుతాడు. "నాకు బండి రాదు సార్" అన్నానొకసారి.

"యాడ ఆగింది మేడం?"

"ఆగుడేంది సార్, రాదంటున్న గద! ఊర్ల సందుల్ల నడిపేదాన్ని. మేడ్చల్ రోడ్డెక్కే మలుపు కాడ టిప్పర్ ఎదురొచ్చింది, కింద వడ్డ. అంతే."

ఆయన ఏదో రాసుకున్నాడు. ఈ మనిషికి పనీపాటా లేదనుకున్నాను.

నిజానికి పని చాలానే ఉంది. గౌడవెల్లిలో మాది రెండు గదుల బడి. చదువు మధ్యలో తెగిపోయిన పిల్లలకు పాఠాలు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించడం మా బాధ్యత. ఓదెలు సార్ పెద్ద. ఆయన కింద వినోద అనే నేనొక్కదాన్ని. పిల్లలు పందొమ్మిది మంది. తల్లిదండ్రులు పని వెతుక్కుంటూ ఎటు పోతే అటు పోయినవాళ్లే అందరూ.

వేరే ఎవరైనా అయితే అందరినీ కూర్చోబెట్టి అ ఆల నుంచి అందుకుంటారు. ఈయన అలా కాదు. ఒక్కొక్కరి చదువు ఏ సబ్జెక్టులో ఏ పేజీ దగ్గర ఆగిందో తేలేదాకా సుద్దముక్క ముట్టడు. తేలిందంతా నల్ల అట్ట రిజిస్టర్లో మనిషికో పేజీ చొప్పున రాస్తాడు. దానికి నేను పెట్టిన పేరు ‘ఆగింది రిజిస్టర్’.

గోపాలరావు గారని పైఆఫీసరు తనిఖీకి వచ్చాడు. "మీ పాఠ్యప్రణాళిక చూపించండి."

"ఏది చూపియ్యాలె సార్? పందొమ్మిది ఉన్నయి."

"ఒక బడికి ఒకటే ఉంటుందయ్యా!"

"ఉంటది సార్, అందరు ఒక్క కాడనే ఆగితే."

ఆఫీసరు ముఖం కందగడ్డ అయింది. "ఏమీ రాని పిల్లలకు మొదటి నుంచి చెప్పడానికి ఇంత రాద్ధాంతమా?"

"సార్, మీకు ఈత వస్తదా?"

"రాదు."

"అసలే రాదా? యాడ ఆగింది?"

గోపాలరావు గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చిన్నప్పుడు... బావిలో నడుం లోతు దాకా దిగాను. తేలడానికి కట్టిన సొరబుర్ర ఊడిపోయింది."

"మరి రాదంటరేంది సార్! నడుం లోతు దాకా వచ్చు మీకు."

ఆఫీసరు సంతకం పెట్టాడు. జీపు ఎక్కేముందు గాల్లో చేతులు రెండుసార్లు అటూ ఇటూ ఆడించడం నేను కళ్లారా చూశాను.

అట్లాంటి బడికి సరళ వచ్చింది. పదమూడేళ్ల పిల్ల. అమ్మానాన్నలది కోళ్ల ఫారాల్లో పని. శామీర్‌పేటలో ఒక షెడ్డు, అది మూతపడితే గాజులరామారంలో అద్దె గది, అక్కణ్నుంచి ఇంకో షెడ్డు. నాలుగేళ్లలో నాలుగు బళ్లు మారింది. రాగానే చేతులు కట్టుకుని, "నాకేం రాదు సార్. మొదటికెళ్లి చెప్పుండ్రి" అంది.

సార్‌కి ఆ ఒక్క మాటే పడదు. "ఏం రాదంటే ఎట్లనే? నాలుగు బళ్లు తిరిగినవు. యాడ ఆగింది చెప్పు."

ఆ పిల్లకు తెలియదు. మేడ్చల్‌లో గురుకులం ఎనిమిదో తరగతి ప్రవేశ పరీక్షకు చూస్తే నలభై రోజులే ఉంది. సీటొస్తే హాస్టల్లో ఉండి ఒకే చోట చదువుకుంటుంది. రాకపోతే తమతో పాటే షెడ్డులో గుడ్లు ఏరడానికి పెడతామని వాళ్ల బాపు ముందే చెప్పేశాడు.

"సార్, నలభై దినాలే ఉన్నది. గిది పరిశోధన చేసే టైమా? మొదలువెట్టుండ్రి!" అని అరిచాను.

"యాడికెళ్లి మొదలువెట్టాలె మేడం?" అన్నాడు తాపీగా.

మర్నాడు ముగ్గురం సరళ చదివిన గాజులరామారం బడికి పోయాం, బస్సులో. సార్‌కి మోపెడ్ ఉంది గానీ, అది యజమాని ప్రశ్నకు తగ్గ బండి, ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. పాత బడిలో సరళను గుర్తుపట్టినవాళ్లే లేరు. నేను గొణుగుతున్నాను. సరళ మాత్రం పాత క్లాసులో కిటికీ పక్కన నిలబడిపోయింది.

"నేను గిక్కడనే కూసునేది సార్. బోర్డు మీద ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు, ఈక్వల్ టు అని రాసిండు మా సారు. అప్పుడే బాపు కిటికీల కెళ్లి పిలిసిండు. సామాను డీసీఎం వ్యాన్ల ఎక్కిచ్చినం, జల్దీ రా అని."

"కొత్త బడిల?"

"ఆడ భిన్నాలు అయిపోయినయన్నరు."

అంటే మూడేళ్లుగా ఆ పిల్ల లెక్కలన్నీ ఆ ‘ఈక్వల్ టు’ దగ్గరే నిలబడి ఉన్నాయి. "దొరికిందే!" అని సార్ గంతేసినంత పని చేశాడు. తిరుగు బస్సులో కండక్టరుక్కూడా చెప్పాడు.

పొద్దున మా బోర్డు మీద అదే సగం లెక్క. బల్ల మీద సరళ వాళ్ల షెడ్డు నుంచి తెప్పించిన గుడ్ల ట్రే.

"ట్రేల ఎన్ని గుడ్లు?"

"ముప్పై సార్. ఐదైదువి ఆరు వరసలు."

"సగం తియ్యి. దానికి కలుపుటానికి మొత్తం ముప్పైల మూడో వంతు పక్కకు వెట్టు."

"పదిహేను... పది. ఇరవై ఐదు." ఆ ఇరవై ఐదూ ఇంకో ఖాళీ ట్రేలో పేర్చింది. "సార్, ఆరు వరసల ఐదు నిండినయి. ఐదు బై ఆరు!"

మూడేళ్ల తర్వాత ఆ ‘ఈక్వల్ టు’ పక్కన జవాబు పడింది. నలభై దినాలేనని అరిచిన నేనే ముందు చప్పట్లు కొట్టాను. అది అరుదుగా జరిగే విషయం. గుడ్లు మాత్రం నర్సమ్మ కూర వండేసింది.

ఆ ముడి విప్పగానే దశాంశాలు, శాతాలు ఒకదాని వెంట ఒకటి దారికొచ్చాయి. పరీక్ష రోజు రానే వచ్చింది. సరళను సార్ తన మోపెడ్ మీద మేడ్చల్ తీసుకుపోవాలి. పరీక్ష పదింటికి. ఎనిమిదిన్నరకు ఫోన్.

"మేడం, బండి ఆగింది."

నా నోటి నుంచి నాకు తెలియకుండానే వచ్చేసింది: "యాడ ఆగింది?"

"మన మలుపు కాడనే. పిల్ల ఈడనే ఉన్నది. జల్దీ రాండ్రి."

మా ఆయన అప్పటికే జీడిమెట్ల డ్యూటీకి పోయాడు. కవరు లాగి పడేసి, సందుల్లోంచి మలుపు దాకా నడిపాను. అక్కడ సరళ పరీక్ష అట్ట పట్టుకుని నా వెనక ఎక్కింది.

"మేడం, మీకు బండి వస్తదా?"

"వస్తది బిడ్డా... గిక్కడిదాక."

"మలుపు దాటినా గదే హ్యాండిల్ మేడం, గదే బ్రేకు" అన్నాడు సార్ పక్క నుంచి.

టిప్పర్ ఎదురు రానే వచ్చింది. నేను పెట్టిన కేక మేడ్చల్ దాకా వినపడి ఉంటుంది. కానీ పడలేదు. తొమ్మిదింబావుకల్లా సరళ పరీక్ష గేటు దగ్గర ఉంది.

నెల తర్వాత సరళకు సీటొచ్చింది. వాళ్ల బాపు గుడ్ల ట్రే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, నవ్వుతూ నిలబడ్డాడు. ఆ సంగతి రాద్దామని రిజిస్టర్ తెరిస్తే, సరళ పేజీ వెనక నా పేరుంది. ‘వినోద మేడం. స్కూటీ. వచ్చు. మలుపు కాడ ఆగింది.’ దాని కింద వేరే ఇంకుతో: ‘పరీక్ష రోజు మలుపు దాటింది.’

అప్పుడే మా ఊళ్లో ఆటో నడిపే బాలమల్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మేడం, ఆ రోజు మస్తు నడిపిండ్రు. మేడ్చల్ దాక మీ ఎనుకనే వచ్చిన. మీరు రాకుంటే పిల్లను నన్ను తీస్కపొమ్మన్నడు సార్. ఏడింటికే ఆటో చెట్టు సాటుకు వెట్టుకొని కూసున్న."

నేను గిర్రున తిరిగాను. "సార్! ఆ రోజు బండి నిజంగనే ఆగిందా?"

"ఆగే బండే గద మేడం" అన్నాడు, కిటికీలోంచి ఎటో చూస్తూ.

నాలుగు కడుగుదామనుకున్నాను గానీ చూపు మళ్లీ నా పేజీ మీద పడింది. నేను పడ్డాక మా ఆయన మూడుసార్లు నేర్పబోయాడు నాకు. ప్రతిసారీ ‘ముందు సీటు మీద సరిగా కూర్చో’ అనే మొదలుపెట్టేవాడు. సిగ్గేసి దిగిపోయేదాన్ని. ఈయన ఒక్కసారి కూడా నాకు రాదనలేదు. మలుపు దాకా వచ్చనే రాశాడు. ఆ పిల్లలందరికీ చెప్పింది అదే. ఇన్నాళ్లూ ఈ మనిషినా నేను తిట్టిపోసింది అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మా గేటు ముందు ప్రత్యక్షం. చంకలో రిజిస్టర్, నెత్తిన హెల్మెట్.

"శామీర్‌పేట చెరువు కాడ ప్రియాంక అని చేపలు వట్టేటోళ్ల పిల్ల ఉన్నదట. తెలుగు పద్యం సగంల ఆగిందట. నడువుండ్రి మేడం."

"మీ బండి ఏది సార్?"

"ఆగింది."

"యాడ..." అనబోయి నోరు మూసుకుని, స్కూటీ తాళం కోసం లోపలికి పోయాను.