చెంప దగ్గర చేయి

నా చిన్నప్పుడు, అంటే ఏడో తరగతి చదివే రోజుల్లో, ఒకడి ముక్కు పగలగొట్టాలని రెండు నెలలు కలలు కన్నాను. వాడు మా ఉదయగిరిలో ఒక కాంట్రాక్టరు కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. మా నాయనది పోలియో వచ్చిన కాలు. ఆయన తన టైలరు షాపుకు నడిచి పోతుంటే వాడు వెనకాలే కుంటుతూ నడిచేవాడు. బజారంతా నవ్వేది. నాయన వెనక్కి తిరిగి చూసి తనూ నవ్వేసేవాడు. ఆ నవ్వుకే నాకు కడుపు మండిపోయేది.

పక్కింటి తాతయ్య చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. వయసులో ఉన్నప్పుడు మద్రాసుకు పనికి పోయి అక్కడ బాక్సింగు నేర్చుకున్నాడని వీధిలో అందరికీ తెలుసు. నాకూ నేర్పమని వెంటపడ్డాను. ఎవరిని కొట్టాలని అడిగితే చెప్పాను. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని మాత్రం ఆయన అనలేదు.

గోనెసంచిలో చెక్కపొట్టు కుక్కి వేపకొమ్మకు వేలాడదీశాడు. ఎడమ, ఎడమ, కుడి. ఎడమ చేత్తో రెండు చిన్న గుద్దులు, వెంటనే నడుము తిప్పి కుడి చేత్తో గట్టి గుద్దు. కొట్టిన చేయి కొట్టినట్టే చెంప దగ్గరికి తిరిగి రావాలి. సంచి మీద బొగ్గుతో వాడి మొహం గీసుకుని, బడి వదలగానే వచ్చి అది చెరిగిపోయేదాకా గుద్దేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో.

నెల తిరిగాక తాతయ్య సంచి విప్పేసి, రెండు చేతుల్లో రెండు పెద్ద తెడ్లు పట్టుకుని వాటిని కొట్టమన్నాడు. కొడుతుండగా ఉన్నట్టుండి మా నాయనలా కుంటుతూ నడవడం మొదలుపెట్టాడు. ఈయన కూడానా అని ఒళ్లు తెలియకుండా మీద పడ్డాను. తెడ్డు టప్పున నా చెంపకు తగిలింది. ఆయన మళ్లీ కుంటి చూపించాడు, నేను మళ్లీ ఎగబడ్డాను, మళ్లీ చెంపదెబ్బ. ఏడుపొచ్చి, ఇక నీ దగ్గరికి రానన్నాను.

"వాడు కూడా నీ ముందర ఇట్టనే కుంటతాడు పాపా," అన్నాడు. "కోపమొస్తే నీ చెయ్యి కిందికి దిగిపోతా ఉండాది. కోపం ఉంచుకో. చెయ్యి మాత్రం చెంప కాడే పెట్టుకో."

ఇంకో నెల ఆ తెడ్డు దెబ్బలు తిన్నాను. చివరికి ఆయన ఎంత కుంటి చూపించినా నా చేయి దిగలేదు.

ఒక సాయంత్రం బస్టాండు దగ్గర నాయన వెనకాల వాడు మొదలుపెట్టాడు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నన్ను చూసి ఇంకా వంగి వంగి నడిచాడు. చుట్టూ నవ్వులు. నా చేయి చెంప దగ్గరే ఉంది. ఎడమ, ఎడమ, కుడి. వాడు ముక్కు పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా నేను దానికి బాధపడలేదు.

నాయన నన్ను చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. గడప మీద కూర్చోబెట్టి, తోలు లేచిన నా వేళ్లకు కొబ్బరినూనె రాస్తూ, "ఇన్నాళ్లూ నువ్వు చూస్తానే ఉన్నావా?" అని అడిగాడు. తలూపాను. ఆ తర్వాత ఎవరు వెక్కిరించినా నాయన వాళ్లతో కలిసి నవ్వలేదు.

ఇప్పుడు ఆత్మకూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో ఎవరైనా ఒకరి నడకనో నత్తినో అనుకరించి నలుగురినీ నవ్విస్తుంటే, నా ఎడమ పిడికిలి దానంతటదే చెంప దగ్గరికి వస్తుంది. పన్ను నొప్పా మేడమ్ అని పక్క సీటు వాళ్లు అడుగుతారు. అవునంటాను. ఆ నవ్వించేవాడి ముక్కు మీంచి మాత్రం చూపు తిప్పను.