చేతిరాతకు అనుమతి

లైప్‌జిగ్‌లో నా చదువుతో పాటు, వారానికి రెండు మధ్యాహ్నాలు ఊరి చివరి బడిలో పిల్లలకు రాయడం నేర్పుతున్నాను. ట్రామ్ ఆఖరి స్టాపులో దిగితే ఒకే అచ్చులో పోసినట్టుండే కాంక్రీటు అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య ఆ బడి. అక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో జర్మన్ మాట్లాడరు.

మా గది బీరువాలో ప్రభుత్వం ఇచ్చిన టాబ్లెట్లున్నాయి. వాటిని చూసుకునే ఉపాధ్యాయుడు జబ్బుపడి సెలవు మీద వెళ్ళాక, ఆ అధికారం ఇంకొకరికి బదిలీ కాలేదు. బదిలీ చేయవలసింది నగర కార్యాలయం. అక్కడి నుంచి జవాబు లేదు. బీరువా తాళంచెవి ఉంది, టాబ్లెట్ల పాస్‌వర్డ్ లేదు. నేను ఎవరిని అడిగినా మర్యాదగా, నిజాయితీగా, తమ చేతుల్లో లేదనే చెప్పారు. అబద్ధమాడేవాళ్ళతో వాదించడం నాకు వచ్చు. నిజం చెప్పి ఊరుకునేవాళ్ళతో ఎలా వాదించాలో విజయవాడలో మా కాలేజీ డిబేట్ జట్టు నేర్పలేదు.

తరగతిలో తెలుగు మాట్లాడే పిల్ల ఒక్కతే ఉంది. ఎనిమిదో తరగతి. వాళ్ళది వరంగల్. తల్లి వృద్ధాశ్రమంలో, తండ్రి పార్సిళ్ళ గిడ్డంగిలో పని చేస్తారు. ఇక్కడ ఆ వయసు పిల్లలు కొన్నాళ్ళు ఏదో ఒక పనిచోట గడిపి, అక్కడ చూసినదాన్ని నివేదికగా రాయాలి. దాన్ని ప్రాక్టికుమ్ అంటారు. ఈమె కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది. చేత్తో రాసి తెచ్చిన చిత్తుప్రతిలో ఒకచోట నేను ఆగిపోయాను. కొత్త కళ్ళద్దాలు పెట్టుకోగానే ముసలివాళ్ళు అద్దంలోకి చూడరనీ, ముందు తమ చేతులు చూసుకుంటారనీ రాసింది. ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయని ఒకావిడ అడిగిందట. దుకాణదారు ఏమీ అనలేదట, తనూ అనలేదట. ఎవరూ నేర్పకుండానే ఆ పిల్ల అక్కడ ఆపింది. ఎక్కడ ఆపాలో నాకిప్పటికీ సరిగా తెలియదు.

నివేదిక టైపు చేసి ఇవ్వాలన్నది నియమం. తల్లిదండ్రులు బడికి వచ్చే రోజున అన్నింటినీ నడవా గోడకు తగిలిస్తారు. ఆ పిల్ల ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉన్న ఒక్క మంచి ఫోను తల్లితో పాటు డ్యూటీకి వెళ్తుంది. నా ల్యాప్‌టాప్ ఇస్తానంటే, బయటివాళ్ళ పరికరాల్లో పిల్లల వివరాలు ఉండకూడదని బడివాళ్ళన్నారు. అప్పుడు క్లాస్ టీచర్‌తో మాట్లాడడానికి వెళ్ళాను. పోటీకి వెళ్ళినట్టే సిద్ధమయ్యాను: పరికరాలు ఇవ్వకుండా టైపు చేయమనడం ఎందుకు అన్యాయమో ఒక వాదన, దానికి రాగల ఆక్షేపణ, ఆ ఆక్షేపణకు జవాబు. మొదటి వాక్యం పూర్తవకముందే ఆవిడ తలూపింది. అలసిన మనిషి, మంచి మనిషి. నిజమే, ఆ అమ్మాయి చేత్తోనే రాయవచ్చు, మార్కులు తగ్గించను, అంది. ఎదుటిపక్షం ఒప్పుకుంటే గెలిచినట్టే లెక్కవేసే అలవాటు నాది. నేను అడిగింది టాబ్లెట్లు, దొరికింది టాబ్లెట్లు అక్కర్లేదన్న అనుమతి అని ట్రామ్ ఎక్కాక గాని తట్టలేదు.

మరుసటి తరగతిలో ఆ పిల్లకు చెప్పాను. కాగితం మీద నుంచి తలెత్తలేదు.

"నాకొద్దక్కా."

"మార్కులు తగ్గించరమ్మా. నేను అడిగాను."

"అందరియి ప్రింటు ఉంటయి, నాదొక్కటే చేతిరాత. చూసెటోళ్ళకు నేను రాసింది కనబడది. మా ఇంట్ల ఏం లేదో అది కనబడుతది."

కంప్యూటర్ ఇంకెక్కడ దొరుకుతుందో వెతికాను.

దగ్గర్లోని గ్రంథాలయంలో కంప్యూటర్ గంటసేపు ఇస్తారు, టెర్మిన్, అంటే మన వంతు సమయం, ముందే తీసుకోవాలి. గడువులోపు దొరికింది ఆ ఒక్క గంటే. తల్లి ఒప్పుకుంది, నేనూ ఆ పిల్లా వెళ్ళాం. ఫోను మీద బొటనవేళ్ళతో గబగబా రాసే పిల్ల, కీబోర్డు ముందు ఒక్కో అక్షరం కోసం వెతుక్కుంది. జర్మన్‌లో నెత్తిన చుక్కలుండే అక్షరాల దగ్గర మరీ ఆలస్యమైంది. చదివి వినిపించు, నేను కొడతానన్నాను.

"నువ్వు కొడితే ప్రాక్టికుమ్ నువ్వే చేసినట్టుంటది," అని నవ్వింది. మళ్ళీ కీబోర్డు మీదికి వంగింది.

అరగంట దాటాక చిత్తుప్రతిలో ఒక పేజీ తిప్పేసింది. చేతులు చూసుకునే ముసలివాళ్ళు ఆ పేజీలోనే ఉన్నారు. అసలు విషయం అదే కదమ్మా, అన్నాను.

"దానికి మార్కుల్లేవు. పని వేళలు, సామాన్లు, ఏం నేర్చుకున్నవు, గివే అడిగిన్రు. టైం అయిపోతుందక్కా."

ఆ పేజీ ఎందుకు ఉండాలో నేను ఎంతసేపైనా వాదించగలను. వాదించే ప్రతి నిమిషం ఆమె గంటలోంచే పోతుంది. నోరు మూసుకుని, గడియారం వైపు కూడా చూడకుండా కూర్చున్నాను. గంట నిండే సమయానికి నివేదిక ప్రింటర్‌లోంచి వెచ్చగా బయటికొచ్చింది. పొట్టిగా ఉంది, తప్పుల్లేవు, అడిగిన ప్రతి శీర్షికా ఉంది.

తల్లిదండ్రులు వచ్చిన రోజు సాయంత్రం అది గోడ మీద మిగతావాటి మధ్య వేలాడింది. అదే అక్షరం, అదే అట్ట. చక్కగా ఉందని క్లాస్ టీచర్ నాతో అంది. ఆవిడ చేతిరాత ప్రతిని చూడలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. జనం నడవాలో కాఫీ కప్పులతో అటూ ఇటూ నడుస్తున్నారు. ఆ పిల్ల కాస్త దూరంలో, డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన తల్లి పక్కన నిలబడి, తన కాగితం దాటి వెళ్ళే ప్రతి మనిషినీ చూస్తోంది. ఎవరూ ప్రత్యేకంగా అక్కడ ఆగలేదు. ఎవరూ వంగి చూడలేదు. ఆమె భుజాలు మెల్లగా సడలడం నేను చూశాను. ఆమెకు కావలసింది దొరికింది.

కాసేపటికి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, బయాలజీది కూడా టైపు చేసియ్యాలె. టెర్మిన్ దొరుకుతదా?"

ఫోను తీసి చూశాను. ఆ వారమంతా నిండిపోయింది. పై వారంలో ఏమైనా ఖాళీ ఉందేమోనని, ఆమె పక్కనే గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.