హనోకు కొత్త ఎయిర్‌బ్రష్

కె.ఆర్.పురంలో బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా హనోకు చూపు ఆగి ఉన్న మోటారు సైకిళ్ళ పెట్రోలు ట్యాంకుల మీదే ఉండేది. చూస్తూ చూస్తూ చూపుడు వేలితో గాలిలో దేన్నో మెల్లగా నొక్కి వెనక్కి లాగేవాడు. తొంభైలలో, ఫ్యాక్టరీ సెలవు రోజుల్లో, స్నేహితుల బళ్ళ మీద ఎయిర్‌బ్రష్ మీట నొక్కి గాలితో రంగు చల్లి డేగలూ మంటలూ వేసిన వేలు అది. పెళ్ళయ్యాక ఆ రంగు తుంపర భార్య సువార్తమ్మకు పడలేదు. ఆయాసం ముదిరి ఆమె ఆస్పత్రిలో చేరేసరికి బ్రష్ ఎవరికో ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోలేదు. కోపం వచ్చినప్పుడల్లా "నీ వల్లే గదా నా చేతిపని పోయింది" అని దెప్పేవాడు. 

ఆమె పోయిన మరుసటి ఏడు, రెండువేల ఆరులో, అవెన్యూ రోడ్డులోని ఒక రంగుల అంగడికి వెళ్ళాడు. అంగడాయన రెండు బ్రష్‌లు ముందు పెట్టి, "ఇది సన్నగీతకు బాగుంటాదప్పా, ఇదైతే వెడల్పుగా కొడతాది. నీళ్ళు పోసి చూడు" అన్నాడు. హనోకు రెండింటితోనూ అట్టముక్క మీద చల్లి చూశాడు. గీత చెదరలేదు. ముఖం వెలిగింది.

"ఈ రెండిట్లో తుంపర తక్కువ లేసేది ఏదప్పా?" అని అడిగాడు.

"ఎందుకప్పా?"

"ఇంట్లో ఆమెకు పడదు" అని, "పడేది కాదు" అని దిద్దుకున్నాడు.

అంగడాయన బ్రష్‌లను గుడ్డతో తుడిచి మళ్ళీ ముందు పెట్టాడు.

"ఏదో ఒకటి ఇయ్యప్పా" అన్నాడు హనోకు. "ఇప్పుడు ఏదైనా ఒకటే."