కింది గొట్టం

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేణ్ణీళ్ళు వాటంతట అవే పైకెక్కేవి. మా నాన్న రైల్వేలో ఫిట్టరు, టాటానగర్‌లో మాకో క్వార్టరు. బొగ్గుల పొయ్యి లోపల ఇనుప గొట్టాన్ని చుట్టలా అమర్చి, దాని రెండు కొసలూ గోడ అవతల స్నానాల గదిలో, ఎత్తు మీదున్న పీపాకి కలిపాడు. పొయ్యి రాజుకుంటే చాలు, కాగిన నీళ్ళు పై గొట్టంలోంచి పీపాలోకి ఎక్కేవి, చన్నీళ్ళు కింది గొట్టంలోంచి పొయ్యిలోకి దిగేవి. పంపూ లేదు, మోటారూ లేదు. వాడలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. ఆ గర్వం ఆయనకి కాస్త ఎక్కువే.

ఓ చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. రోజూ వేణ్ణీళ్ళు పోసి మర్దనా చెయ్యమన్నారు. సరిగ్గా అప్పుడే పీపా మొరాయించింది. పొయ్యి భగభగ మండుతున్నా గోడలో గొట్టం డబడబ కొట్టుకోవడమే గానీ నీళ్ళు వేడెక్కేవి కావు. ఏళ్ళ తరబడి తుప్పు బురదై లోపల పేరుకుందని నాన్న మంచం మీంచే చెప్పాడు. ఎలాగో తను చెబుతానని, గొట్టాలు విప్పి కడగమని పట్టుబట్టాడు. మంచాన పడ్డాక ఆయన ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. అమ్మ కాదనలేకపోయింది.

పక్కింటి అక్క సాయానికి వచ్చింది. పొయ్యి చల్లార్చి, బిగింపులు విప్పి, నాన్న చెప్పినట్టే నీళ్ళు రోజూ పోయే దారికి ఎదురుగా పోశారు. చెక్కసుత్తితో తట్టారు. తీగ దూర్చారు. తారులాంటి నల్లబురద కొంత వచ్చి ఆగిపోయింది. పొయ్యిలోని చుట్ట రాయిలా పూడుకుపోయింది, కొత్తది చెయ్యాలి. అలాంటిది వంచే చెయ్యి మా ఇంట్లో ఒక్కటే ఉండేది. అదే పడిపోయింది.

అన్నీ మళ్ళీ బిగించి పొయ్యి వెలిగించారు. ఏమీ మారలేదు. మంచం మీంచి నాన్న మాటిమాటికీ కేకేస్తున్నాడు.

"ఏటే, వేన్నీళ్ళు వత్తన్నాయా?"

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అక్క ఆమె చెవిలో అంది. "ఊరుకో పిన్నీ. మా పొయ్యి మీద నీల్లు మరుగుతున్నాయి. అట్టుకొచ్చి పీపాలో పోసీద్దుం. బాబాయికేటి తెలుత్తాది?"

పెరటి దారిన బకెట్లు మోసుకొచ్చి పీపాలో పోశారు. తర్వాత ఇద్దరూ నాన్నని చెరో వైపు పట్టుకుని తెచ్చి, స్నానాల గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. అమ్మ కుళాయి తిప్పింది. ఆవిర్లు కక్కుతూ నీళ్ళు పడ్డాయి. నాన్న సగం మూతితో నవ్వాడు. నాకు నిజం తెలిసి కూడా ఆ నవ్వు చూసి సంతోషమేసింది.

నూనె కోసం, తువ్వాలు కోసం వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. నాన్న మెల్లగా వంగి, ఎడమచేత్తో కింది గొట్టం పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. నీళ్ళు నిజంగా తిరుగుతుంటే కాసేపటికి కింది గొట్టం కూడా వెచ్చబడుతుంది. ఆ సంగతి నాకు చూపించి చెప్పింది ఆయనే. ఇప్పుడు నా చెయ్యి కూడా లాగి దాని మీద పెట్టాడు. మంచులా ఉంది.

"మీయమ్మకి సెప్పకే గుంటా. బకెట్లు మోసి మోసి దాని నడుం ఇరిగిపోనాది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో ఏదో ఆరిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ రాగానే మాత్రం ఆయన గొంతు పెంచాడు. "సూసినావా? నా పని ఎక్కడికి పోద్ది!"

అమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది.

ఆ తర్వాత రోజూ అవే బకెట్లు, అవే మెచ్చుకోళ్ళు. గొట్టం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. అసలు ఏదీ కావాలని అడగలేదు. హోళీ రాకముందే పోయాడు. ఆయనకి తెలుసన్న సంగతి అమ్మకి తెలుసో లేదో నేను ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు ఇదే ఊళ్ళో, కాసిడీహ్‌లో మా ఇంట్లో గీజరుంది, మీట నొక్కితే చాలు. మొన్న నన్ను ఆసుపత్రిలో చూపించినప్పుడు, డాక్టరు గదిలోంచి కోడలు ఒక్కతే బయటికొచ్చింది. "సబ్ ఠీక్ హై అన్నారత్తయ్యా" అంది, నా వైపు చూడకుండా సంచీ సర్దుకుంటూ. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"మంచిదేనమ్మా. ఇంటికెల్లి టీ పెట్టు" అన్నాను.