దూలం మీద చెక్కిన పేరు

మా మామగారికి నేనంటే గిట్టదు. ఆ సంగతి ఆయనా దాచుకోలేదు, నేనూ తెలియనట్టు నటించలేదు. టెక్సస్‌లో, ప్లేనోలోని మా ఇంటి నుంచి ఉత్తరంగా గంటన్నర డ్రైవ్ చేస్తే ఆయన పొలం వస్తుంది. గోధుమ, గడ్డి, మాంసం కోసం పెంచే నల్ల ఆవులు. ఆ ఊళ్ళో సగం మంది జర్మనీ నుంచి వలస వచ్చిన రైతుల సంతతే. పెళ్ళయిన కొత్తలో పక్క పొలం ముసలాయనకి నన్ను పరిచయం చేస్తూ, "మా అమ్మాయి సిటీ నుంచి తెచ్చుకుంది" అన్నాడు, చెప్పుల జత కొనుక్కొచ్చినట్టు. పిల్లనిచ్చిన మామగారు కాబట్టి "అన్నారు" అని రాయాలి. చెయ్యి రావడం లేదు, ఏమనుకోకండి.

ఆయన కోపం నా రంగు మీద కాదు. నా దేవుళ్ళ మీదా కాదు, వాళ్ళని చూసి నవ్వుకునేవాడంతే. ఆయనకి ఒక్కతే కూతురు. ఆ కూతురు పెళ్ళి కాగానే తన ఇంటిపేరు వదిలేసి నాది పెట్టుకుంది. అది ఆయనకి మింగుడు పడలేదు. మా నాలుగు అక్షరాల ఇంటిపేరు ఇంగ్లీషులో రాస్తే పది అక్షరాలవుతుంది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా పలకలేదు. మొదటి అక్షరం దగ్గర ఆగి, దగ్గు వచ్చినట్టు గొంతు సవరించుకునేవాడు.

నా భార్యకి ఆ పొలమంటే ప్రాణం. వారమంతా ఆఫీసులో ఆడిటింగ్ చేసి, శుక్రవారం సాయంత్రం బూట్లు కార్లో పడేసుకుని బయల్దేరుతుంది. ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి దూడ కాళ్ళు సరిచేసి బయటికి లాగగలదు. మామగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక పొలమంతా నడిపింది తనే. అలాంటి కూతురితో ఆయన క్రిస్మస్ భోజనాల దగ్గర, బంధువులందరి ముందూ, పొలం తన తమ్ముడి కొడుక్కి రాస్తున్నానని చెప్పాడు. ఆ కుర్రాడు పక్క టౌన్‌లో ఇన్సూరెన్స్ అమ్ముకుంటాడు. పొలం గేటు దాటాక మళ్ళీ మూసేయాలని కూడా తెలియదు.

"పొలం పేరున్నవాడికి పోతుంది. నీకు పేరు లేదు. అమ్మేసుకున్నావ్" అన్నాడు ఆయన, ముక్క నములుతూ.

 నా భార్య లేచి వెళ్ళి ఆయన ప్లేట్లో మాంసం చిన్న ముక్కలుగా కోసి పెట్టింది, ఒంటి చేత్తో కోసుకోలేడని.  ఎందుకు ఊరుకున్నావని ఇంటికొస్తూ కార్లో అడిగితే, "నాకు డబ్బు అక్కర్లేదు. ఆ ఆవులకి నేను తెలుసు. అంతే" అంది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరుగుతాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆ మాట తెలుగులో రాసినా అంతే బాధగా ఉంది.

మామగారి గొప్పంతా ఒక్కటే. జర్మనీలో వెస్ట్‌ఫాలియా నుంచి బయల్దేరిన తమ పేరు తండ్రి నుంచి కొడుక్కి, ఎక్కడా తెగకుండా టెక్సస్ దాకా వచ్చిందట. ఏ పండక్కి వెళ్ళినా ఇదే పాట. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. ఇంత పొడుగు వంశంలో ఒక్క తప్పు దొరక్కపోతుందా అనుకున్నాను. ఆయన పేరులో మచ్చ చూపిస్తే నా భార్య పొలం నా భార్యకి దక్కుతుందని నా లెక్క. ఆయన ముఖం మాడిపోతుంటే చూడాలని కూడా ఉంది. ఏది ముందో నిజంగా చెప్పలేను.

ముందు వాళ్ళ చర్చి వెనక శ్మశానంతో మొదలుపెట్టాను. సమాధిరాళ్ళ మీద అరిగిపోయిన జర్మన్ అక్షరాలకి పిండి రుద్ది ఫోటోలు తీశాను. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో దొరికే పాత బాప్టిజం రికార్డులు. ఓడ ఎక్కి వచ్చినవాడి దాకా బాగానే వెళ్ళింది. అతని తాత దగ్గర చిక్కొచ్చి పడింది. ఆ తాతకి ఒక ఇంటిపేరు, అతని సొంత అన్నదమ్ములకి ఇంకో ఇంటిపేరు. అమ్మానాన్నలు మాత్రం వాళ్ళే. గుమాస్తా తప్పు రాసి ఉంటాడని నేనే సర్దేశాను. అన్నదమ్ములందరికీ మామగారి ఇంటిపేరే పెట్టేసి ముందుకు పోయాను. మగవాడి ఇంటిపేరు మారడమేమిటి? మనలో దత్తత వెళ్తే తప్ప చచ్చేదాకా అదే. నాకు ఇంకోలా తోచనే లేదు.

అలా సర్దేసిన వంశవృక్షంతో రెండు నెలలు గడిచాయి. ఎవరికీ చెందని ముత్తవ్వలు, ఇద్దరేసి తండ్రులు తేలుతున్నారు. చివరికి వెస్ట్‌ఫాలియాలో వాళ్ళ పాత ఊళ్ళో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ వీడియో కాల్‌లో నా చెట్టు చూసి పకపకా నవ్వింది.

"మా దగ్గర పేరు మనిషిది కాదండీ, పొలానిది" అంది. "పొలానికి కొడుకులు లేకపోతే కూతురు ఉంటుంది. ఆమెని చేసుకుని వచ్చినవాడు ఆ పొలం పేరు పెట్టుకుంటాడు. వాడు పోయి ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, రెండోవాడూ అదే పేరు పెట్టుకుంటాడు."

తర్వాత ఆ పాత ఇంటి ఫోటో పంపింది. వాళ్ళ అలవాటు ప్రకారం ఇంటితో కలిసే ఉన్న పశువుల కొట్టం పెద్ద తలుపు మీది దూలానికి ఇల్లు కట్టిన భార్యాభర్తలు, అంటే నాకు చిక్కు తెచ్చిన ఆ తాత, అతని భార్య పేర్లు చెక్కి ఉన్నాయి. భర్త పేరు పక్కన, అతను పుట్టిన ఇంటిపేరు కూడా చెక్కారు. అది ఆ ఊళ్ళో కూలి కుటుంబాల పేరట.

నేను కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. మామగారి మూలపురుషుడు ఇల్లరికపుటల్లుడు. మా వైపు ఇల్లరికపుటల్లుడంటే పెళ్ళి పందిట్లో అందరూ చాటుగా నవ్వుకునే మనిషి. అలాంటివాడికి కూడా మనవాళ్ళు ఇంటిపేరు మాత్రం ఉంచుతారు. వీడికి అదీ లేదు. ఇంక ముసలాయన తలెత్తుకోలేడని తేల్చుకున్నాను.

"ఆయనొక్కడికే చూపించు. అందరి ముందూ వద్దు" అంది నా భార్య.

ఈస్టర్ భోజనాల దగ్గర అందరి ముందే చూపించాను. ఆయన నా భార్యని అన్నది అందరి ముందే కదా. ఫోటో పెద్దది చేసి ఆయన ప్లేటు పక్కన పెట్టి, ఒక్కొక్క పేరూ వేలుతో చూపిస్తూ చెప్పాను. కూలివాడి కొడుకు, పెళ్ళాం పేరు మీద బతికినవాడు, ఈ పేరు ఒక ఆడపిల్లది, మగవాళ్ళది కానే కాదు అని. నా గొంతు బాగా పలికింది. బంధువులు తినడం ఆపేశారు. తమ్ముడి కొడుకు మెడ ఎర్రబడింది.

మామగారు కళ్ళజోడు తెప్పించుకుని చదువుకున్నాడు. చాలాసేపు. ఆ తర్వాత, నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, ఆయన మనస్ఫూర్తిగా నవ్వాడు. పడిపోయిన వైపు పెదవి నుంచి బంగాళాదుంప ముద్ద జారింది.

"ఆ కూలివాడి కొడుకు తెలివైనవాడు. పేరుదేముంది, పొలం దొరికింది కదా" అన్నాడు.

 సిగ్గుపడాల్సిన చోట ఆ మనిషి మురిసిపోతున్నాడు.

"నువ్వు చెప్పేది అర్థమైంది" అన్నాడు నన్ను చూస్తూ. "పేరు మగాళ్ళది కాదు. పొలానిది. అంతేనా?"

"అంతే" అన్నాను. ఇంకేమనగలను, నెలల తరబడి కష్టపడి నిరూపించింది అదే.

"అయితే రూల్ అందరికీ ఒకటే. పొలం కావాలంటే పేరు తీసుకో. నువ్వు, నా కూతురు, నా మనవరాలు. తీసుకుంటే మీదే. లేదంటే వాడిది."

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. నా భార్య మాత్రం తిరగలేదు. ఉప్పు డబ్బా వైపు చూస్తూ కూర్చుంది. మా నాన్న, తాత, శ్రాద్ధం రోజున వాళ్ళ పేర్లతో పాటు పలికే ఇంటిపేరు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కుదరదని చెప్పాను.

"అనుకున్నాను" అని ఆయన మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు నా భార్యే డ్రైవ్ చేసింది. మా పదహారేళ్ళ కూతురు వెనక సీట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. సగం దారి వచ్చాక నేనే మాట్లాడాను. ఆ ముసలాయన నన్ను అవమానించడానికే అలా అన్నాడని, పేరు మార్చుకోవడం అంత తేలిక కాదని.

"నేను పెళ్ళయిన వారానికే మార్చుకున్నా" అంది తను. "నువ్వు అడగలేదు కూడా. ఫారం ప్రింట్ తీసుకొచ్చి టేబుల్ మీద పెట్టావ్, పెన్నుతో సహా."

అది వేరు, మన పద్ధతి అది అన్నాను. నాకు అప్పుడూ అదే అనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది.  తను ఇంటికి చేరి, కారు గరాజ్‌లో పెట్టి, దిగకుండానే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

"అతను రాడు నాన్నా. మేమిద్దరం సరిపోతామా?"

"వాడెవడిక్కావాలి" అంది ఆ గొంతు. "మీరిద్దరు చాలు."

నా పక్కనే కూర్చుని, నేను వింటున్నానని తెలిసి, నా భార్య "థాంక్యూ" అంది. చాలా ఏళ్ళ తర్వాత తన ముఖంలో అంత వెలుగు చూశాను.

తన పేరు మార్చుకోవడానికి కోర్టులో నా అవసరం రాలేదు. వేలిముద్రలిచ్చి, జడ్జి ముందు ఒకసారి నిలబడి వచ్చేసింది. కూతురు మైనర్ కాబట్టి దానికి మాత్రం తండ్రి సంతకం కావాలన్నారు. నా భార్య ఆ కాగితం నా ముందు పెట్టలేదు. మా అమ్మాయే పట్టుకొచ్చింది. సోఫాలో నా పక్కన కూర్చుంది. అది తెలుగులో మాట్లాడేది నన్ను మంచి చేసుకోవాలనుకున్నప్పుడే.

"ఇది మీ తాత ఆడిస్తున్న ఆట" అన్నాను. "నన్ను దెబ్బ కొట్టడానికి నిన్ను వాడుకుంటున్నాడు. నీకు ఇష్టం లేకపోతే చెప్పు. నేను సంతకం పెట్టను, కేస్ అక్కడే ఆగిపోతుంది."

అది కాగితం అంచు మడుస్తూ కూర్చుంది. నాకు ఆశ పుట్టింది.

"నాన్నా, నువ్వు మ్యాడ్ అవ్వద్దు" అంది. "నేను స్కూల్‌లో ఆల్రెడీ అమ్మ ఓల్డ్ పేరే యూజ్ చేస్తున్నాను. నైంత్ గ్రేడ్ నుంచి. టీచర్స్ మన పేరు దగ్గర ఆగిపోతారు కదా. అందరూ లాఫ్ చేస్తారు. నీకు చెప్తే నువ్వు శాడ్ అవుతావు అని చెప్పలేదు."

"తాతకి తెలుసా?"

"తాతే చెప్పారు, అలా రాసుకో అని."

దాని తెలుగులో ఎప్పుడూ రెండు మూడు తప్పులుంటాయి, నేను వెంటనే సరిదిద్దుతాను. ఆ రోజు సరిదిద్దలేదు. పెన్ను అడిగాను. తండ్రి పూర్తి పేరు రాయమని ఉన్న చోట, మా ఇంట్లో ఇక నేనొక్కణ్ణే మోయబోయే ఇంటిపేరు ఒక్క అక్షరమూ వదలకుండా రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.